ఆశా కార్యకర్తల పర్యవేక్షణ: సంతకానికీ సహాయానికీ మధ్య

2025 జనవరిలో కర్ణాటక నలుమూలల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలు బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో రాత్రింబవళ్లు బైఠాయించారు. నెలకు 15 వేల రూపాయల వేతనం వారి ప్రధానమైన కోరిక. కేంద్రం, రాష్ట్రం ఇచ్చేవన్నీ కలిపి నెలకు కనీసం 10 వేల రూపాయలు అందేలా చూస్తామని ముఖ్యమంత్రి హామీ ఇచ్చాక ఆందోళన ముగిసింది. పత్రికలు ఎక్కువగా వేతనం గురించే రాశాయి, అది సహజం కూడా. కానీ వేతనం వెనక మరో ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది: చేసిన పని ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎక్కకపోతే డబ్బు రాదు, ఎందుకు రాలేదో ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే ఒకరు మరొకరి వైపు చూపిస్తారు. తన పనిని చూసే మనిషి, తప్పుంటే దిద్దే మనిషి, అడ్డంకి వస్తే తొలగించే మనిషి ఎవరన్నది ఆశా కార్యకర్తకే స్పష్టంగా తెలియకపోవడం చిన్న లోపం కాదు. గ్రామీణ ఆరోగ్య వ్యవస్థలో పర్యవేక్షణ ఏ స్థితిలో ఉందో అది చెబుతుంది.

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు, సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున ఆ ఊరి కోడలినో కూతురినో ఎంచుకుని, ఊరికీ ఆసుపత్రికీ నడుమ ఆశాగా నిలబెట్టాలన్నది ఆలోచన. ఈ రోజు దేశంలో దాదాపు పది లక్షల మంది, కర్ణాటకలో సుమారు 42 వేల మంది ఆశాలు ఉన్నారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరిని గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. అయినా కాగితం మీద వీరు నేటికీ ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. నెలవారీ స్థిర మొత్తం కొంత ఉన్నా, మిగిలినదంతా పనిని బట్టి వచ్చే ప్రోత్సాహకమే. ఉద్యోగి అయితే నియామక పత్రం, సెలవు నిబంధన, పైఅధికారి బాధ్యతలు రాతపూర్వకంగా ఉంటాయి. స్వచ్ఛంద కార్యకర్తకు అవేవీ లేవు కాబట్టి ఆమె మీద అధికారం అంతా ఒకే చోట పోగుపడింది. అది, చేసిన పనికి డబ్బు కోరుతూ ఆమె ఇచ్చే క్లెయిము ఫారం మీద పడే సంతకం. ఈ వ్యాసం ప్రధానంగా చర్చించదలచింది దాన్నే.

గ్రామ స్థాయి స్వచ్ఛంద కార్యకర్తను ఎంచుకుని, తర్వాత గాలికి వదిలేయడం మన దేశానికి కొత్త కాదు. 1977 అక్టోబరు 2న కేంద్రం ప్రారంభించిన సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకంలో ఊరికొకరిని తీసుకుని, మూడు నెలలు శిక్షణ ఇచ్చి, నెలకు 50 రూపాయల గౌరవ భత్యం, ఒక మందుల పెట్టె చేతికిచ్చారు. ఎంపికైనవారిలో ఎక్కువమంది పురుషులే. శిక్షణ ముగిశాక వారి పనిని క్రమం తప్పకుండా చూసి, సరిదిద్ది, మందులు తిరిగి నింపే ఏర్పాటు బలపడలేదు. తర్వాత గ్రామ ఆరోగ్య మార్గదర్శి అని పేరు మారినా పథకం నీరుగారిపోయింది. ఆశా పథక రూపకర్తలు ఆ అనుభవం నుంచి కొంత నేర్చుకున్నారు. మహిళలనే తీసుకోవాలనడం, శిక్షణను ఒక్కసారితో ముగించకుండా విడతలుగా పెట్టడం, తోడ్పాటు కోసం వేరే వరుసను కల్పించడం ఆ పాఠం నుంచి వచ్చినవే.

ఆ వరుస ఇలా ఉంటుంది. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, అందులో ఏఎన్‌ఎం అని పిలిచే సహాయక నర్సు. ఆమె పరిధిలో నలుగురైదుగురు ఆశాలు. ఇరవై మంది దాకా ఆశాలకు, వారి పనిని చూసి తోడ్పడే ఒక ఆశా ఫెసిలిటేటర్. ఆ పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యాధికారి, తాలూకా స్థాయి సమన్వయకర్తలు. 2018 తర్వాత ఉపకేంద్రాల్లో సామాజిక ఆరోగ్య అధికారులూ వచ్చి చేరారు. కాగితం మీద చూస్తే ఒక ఆశా కార్యకర్తను కనిపెట్టి చూసుకునేవారు నలుగురైదుగురు ఉన్నట్టే లెక్క. ఆచరణలో అంతమందీ ఆమెను అడిగేది మాత్రం ఒకటే, అంకెలు.

పీహెచ్‌సీలో జరిగే నెలవారీ సమావేశాన్ని గమనిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గర్భిణుల నమోదు ఎంత, ప్రసవాలెన్ని, టీకాలు తప్పిన పిల్లలెందరు, కఫం పరీక్షకు ఎందరిని పంపారు, బీపీ, షుగర్ సర్వే ఎంతవరకు వచ్చింది అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతారు. అంకె తక్కువగా ఉన్న ఆశా నలుగురిలో తలదించుకుంటుంది, ఎక్కువగా ఉన్నది ఊపిరి పీల్చుకుంటుంది. తక్కువ ఎందుకు వచ్చిందన్న చర్చకు సమయం ఉండదు. ఆ ఊరి జనం సగం మంది ఇటుక బట్టీలకు వలస వెళ్లారా, టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వచ్చిందని ఒక ఇంటి పెద్దావిడ వీధంతా భయపెట్టిందా, ఆశాకే ఆ నెల ఒంట్లో బాగాలేదా అన్నవి ఏ గడిలోనూ పట్టని సంగతులు. కొందరు వైద్యాధికారులు ఇవన్నీ ఓపికగా వింటారు. కానీ వ్యవస్థ వారిని వినమని అడగడం లేదు. వారి పైవారు వారిని అడిగేదీ అంకెలే.

అంకెలు అక్కర్లేదని కాదు. టీకా తప్పిన బిడ్డ పేరు జాబితాలో లేకపోతే ఆ బిడ్డ ఎవరికీ గుర్తుండదు. చిక్కంతా అంకె తెలిస్తే పని తెలిసినట్టేనని అనుకోవడంలో ఉంది. ఇందుకు పసికందు ఇంటి సందర్శన మంచి ఉదాహరణ. 2011లో మొదలైన నవజాత శిశు గృహ సంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు వెళ్లాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడు. రిజిస్టరులో ఇది ఆరు టిక్కులు. ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తేనే ఆ టిక్కు విలువ తెలుస్తుంది.

బెంగళూరు పక్కనున్న హోస్కోటె తాలూకాలో తెలుగు మాట్లాడే ఒక ఇల్లు అనుకుందాం. బాలింత లోపలి గదిలో ఉంది, తలుపు ఓరగా వేసి ఉంది, అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంది. ఆశా ముందు సబ్బుతో చేతులు కడుక్కుని ఆరబెట్టుకోవాలి. స్ప్రింగ్ త్రాసుకు ఉయ్యాల గుడ్డ తగిలించి, ముల్లును సున్నా దగ్గరికి తిప్పి, అప్పుడు బిడ్డను పడుకోబెట్టి, ముల్లు తన కంటి ఎత్తున ఉండేలా పట్టుకుని చదవాలి. గుడ్డ బరువుకు సున్నా సరిచేయకపోతే రెండున్నర కిలోలకు కాస్త తక్కువున్న బిడ్డ కూడా ఆ గీత దాటినట్టు కనిపిస్తుంది, తక్కువ బరువు బిడ్డకు అందాల్సిన అదనపు జాగ్రత్త అక్కడే తప్పిపోతుంది. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసికందు ఊపిరి ఒక్క తీరున ఉండదు కాబట్టి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. నిమిషానికి 60 లేదా అంతకు మించితే మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, అప్పటికీ అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. తర్వాత బిడ్డ రొమ్ము ఎలా పడుతోందో చూడాలి, అదీ అత్తగారి ముందు, బాలింతకు సిగ్గు కలగకుండా. తేనె నాకించారా, బొడ్డుకు ఏమైనా పూశారా అన్నది ఎవరినీ తప్పుపట్టినట్టు కాకుండా అడిగి తెలుసుకోవాలి.

ఇందులో ఏ ఒక్కటీ ఫారంలో నింపిన అంకెను చూసి చెప్పగలిగింది కాదు. పక్కన నిలబడి చూసినవారికే తెలుస్తుంది. అలా చూసే ఫెసిలిటేటర్‌కు ఒక మర్యాద కూడా తెలియాలి. త్రాసు సున్నాకు లేదని కనిపించినప్పుడు ఆశా చేతిలోంచి దాన్ని లాక్కుని తానే తూచడం అన్నిటికన్నా సులువైన పని, అన్నిటికన్నా నష్టం చేసే పని కూడా. అత్తగారి కళ్లముందు ఆ ఒక్క క్షణంలో ఆశా చిన్నబోతుంది, మరుసటి వారం ఆమె ఆసుపత్రికి వెళ్లమంటే ఆ ఇంట్లో ఎవరూ లెక్కచేయరు. "ఇంకోసారి తూచి చూద్దామా, గుడ్డ బరువు కూడా కలిసిందేమో అక్కా" అని ఇద్దరి పనిగా మార్చి, మిగతా మాటలు వీధిలోకి వచ్చాక చెప్పడం నేర్చుకోవాల్సిన నైపుణ్యం. ఫెసిలిటేటర్ల శిక్షణలో రిజిస్టర్ల సరిచూపుకు ఉన్నంత చోటు దీనికి దక్కాలి.

కనిపెట్టి చూడడం వల్ల ఫలితం ఉంటుందా అన్న సందేహానికి మన దగ్గరే జవాబుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ ఊరి మహిళలకు శిక్షణనిచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశు సంరక్షణ చేయించినప్పుడు, పసికందుల మరణాలు 60 శాతానికి పైగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమైంది. ఆశాల గృహ సందర్శనల కార్యక్రమానికి ప్రేరణ ఆ ప్రయోగమే. ఆ పద్ధతిలో ఒక భాగం దేశమంతటికీ వెళ్లింది, మరో భాగం పలచబడింది. గడ్చిరోలిలో పదిహేను రోజులకోసారి వైద్యుడు ఊరికి వచ్చి, కార్యకర్త రాసిన వివరాలను సరిచూసి, తప్పులు దిద్ది, నేర్పి వెళ్లేవాడు. సందర్శనల పట్టిక, ఫారాలు, ప్రోత్సాహకం దేశమంతటికీ వచ్చాయి, ఆ పదిహేను రోజుల రాకపోక మాత్రం అదే బలంతో రాలేదు. 1970లో వైద్యులైన ఆరోలే దంపతులు మహారాష్ట్రలోనే జామ్‌ఖేడ్‌లో మొదలుపెట్టిన పనిలోనూ ఇదే కనిపిస్తుంది. చదువురాని మహిళలు కూడా వారం వారం కేంద్రానికి వచ్చి, ఆ వారం తమ ఊళ్లో ఎదురైన కేసుల గురించి ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకునేవారు. అక్కడ శిక్షణ, పర్యవేక్షణ వేరు వేరు పనులు కావు.

ఇక సంతకం విషయం. ఆశా చేసిన ప్రతి పనికీ డబ్బు రావాలంటే ఏఎన్‌ఎం లేదా ఫెసిలిటేటర్ ధ్రువీకరించాలి. ప్రభుత్వ సొమ్ము కాబట్టి ధ్రువీకరణ ఉండాల్సిందే. కానీ నేర్పాల్సిన మనిషి, డబ్బు ఆపగల మనిషి ఒక్కరే అయినప్పుడు, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఆశాకు ప్రమాదంగా మారుతుంది. ఏడో రోజు వెళ్లలేకపోయాను, పదో రోజు వెళ్లాను అని నిజం చెబితే టిక్కు పడదు. చెప్పకపోతే పడుతుంది. ఇంకా కఠినమైన ఉదాహరణ ఉంది. గృహ సందర్శనలకు 250 రూపాయలు ఇచ్చేందుకు 2011 మార్గదర్శకాలు పెట్టిన షరతుల్లో, పుట్టినప్పటి బరువు కార్డులో నమోదు కావడం, టీకాలు, జనన నమోదుతో పాటు, 42వ రోజు వరకు తల్లీబిడ్డా క్షేమంగా ఉండడం కూడా ఒకటి. ప్రాణం కాపాడాలన్న సదుద్దేశంతోనే ఆ షరతు పెట్టి ఉంటారు. కానీ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కోసం ఐదుసార్లు తిరిగి, ఆసుపత్రికి తీసుకెళ్లి, చివరకు ఆ బిడ్డ దక్కకపోతే, అందరికన్నా ఎక్కువ కష్టపడిన కార్యకర్తకే ఏమీ దక్కదన్నది దాని అర్థం. మరణం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాల్సిన చోట అలాంటి షరతు నోరు నొక్కుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సామాజిక ఆరోగ్య కార్యకర్తల మీద వెలువరించిన మార్గదర్శకాలు ఈ రెండు విషయాలనూ తాకాయి. పని ఫలితాన్ని బట్టి ఇచ్చే ప్రోత్సాహకాల మీదే పూర్తిగా గానీ, ప్రధానంగా గానీ ఆధారపడి చెల్లించవద్దని సూచించాయి. ఒక పర్యవేక్షకురాలి కింద ఎందరు ఉండాలన్నది ఆలోచించి నిర్ణయించాలనీ, పర్యవేక్షకులకే తగిన శిక్షణ ఉండాలనీ, పనిని కళ్లారా చూడడం, నమోదైన వివరాలు, ప్రజల అభిప్రాయం మూడూ కలిపి చూడాలనీ చెప్పాయి. మన దగ్గర రెండోదే బలంగా ఉంది. ధ్రువీకరణను ఏఎన్‌ఎంకు, పోర్టల్‌కు వదిలి, ఫెసిలిటేటర్‌ను డబ్బుతో సంబంధం లేని బోధకురాలిగా ఉంచడం పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పు. అప్పుడు ఆశా తన సందేహాన్ని దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. అన్ని చోట్లా ఇది ఒకే తీరుగా పనిచేస్తుందని చెప్పలేం, ఎందుకంటే చాలా ఊళ్లలో ఏఎన్‌ఎం పోస్టే ఖాళీగా ఉంటుంది, మిగిలినవారే అన్నీ మోయాల్సి వస్తుంది.

బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ సమస్యకు మరో ముడి ఉంది. హోస్కోటె, ఆనేకల్ మొదలుకుని చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు, పావగడ దాకా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. రిజిస్టర్లు, శిక్షణ పుస్తకాలు, సమావేశాలు కన్నడంలో ఉంటాయి. ఇక్కడి తెలుగువారికి కన్నడం పరాయిది కాదు, చాలామంది బడిలో చదువుకున్నదీ అదే. అయినా బాలింతకు ధైర్యం చెప్పడం, గర్భనిరోధక సాధనాల గురించి మాట్లాడడం, బిడ్డ పోయిన ఇంట్లో కూర్చోవడం ఇంటి భాషలోనే కుదురుతాయి. ఉత్తర కర్ణాటక నుంచి బదిలీ మీద వచ్చిన ఏఎన్‌ఎంకు ఆ మాటలు అందకపోతే, ఆమె ఆ ఇంట్లో కూర్చుని కూడా ఆశా ఏం చెప్పిందో, ఎంత బాగా చెప్పిందో అంచనా వేయలేదు. ఫెసిలిటేటర్‌ను నియమించేటప్పుడు ఆ ఊళ్ల భాష తెలిసినవారికి ప్రాధాన్యం ఇవ్వడం ఈ తాలూకాల్లో పర్యవేక్షణకు మూలావసరం.

పురిటి సమయం వచ్చేసరికి రాష్ట్ర సరిహద్దు కూడా అడ్డం వస్తుంది. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. బాగేపల్లి కోడలి పుట్టిల్లు హిందూపురం వైపు, శ్రీనివాసపుర కోడలిది మదనపల్లె వైపు ఉండడం మామూలే. ఏడో నెల వరకు ఇక్కడి ఆశా వెంట తిరిగి, రక్తపరీక్షలు చేయించి, కర్ణాటకలో తాయి కార్డు అని పిలిచే తల్లీబిడ్డల కార్డు నింపుతుంది. కాన్పు ఆంధ్రప్రదేశ్‌లో అవుతుంది. ఆరు సందర్శనలూ అక్కడి ఆశా చేయాలి, కానీ ఈ తల్లి పేరు అక్కడి జాబితాలో ఉండకపోవచ్చు. తల్లి తిరిగి వచ్చేసరికి 42వ రోజు దాటిపోతుంది. రెండు వైపులా పని సగం సగం జరుగుతుంది, రెండు పోర్టళ్లలోనూ అసంపూర్ణంగా మిగులుతుంది, తొలి వారం మాత్రం ఎవరి కన్నూ పడకుండా గడిచిపోతుంది. పసికందుల మరణాలు ఎక్కువగా జరిగేది ఆ తొలి వారంలోనే. ఆశాలు ఒకరి ఫోను నంబరు మరొకరు సంపాదించుకుని సొంతంగా దీన్ని చక్కదిద్దుకోగలరేమో గానీ, ఆ భారం వారి మీద పడకూడదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఫెసిలిటేటర్ల నంబర్లు ఇరువైపులా అధికారికంగా ఇచ్చి, పుట్టింటికి వెళ్లే గర్భిణి వివరం ఎనిమిదో నెలలోనే అవతలివారికి చేర్చాలన్న ఒక చిన్న నియమం చాలు. ఇలాంటి పని ఒక్క ఆశా వల్ల అయ్యేది కాదు, పర్యవేక్షకులు చేయాల్సినది.

ఆ రెండు ఊళ్ల ఆశాలు ఎప్పుడైనా ఎదురుపడితే మరో తేడా కూడా మాటల్లోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల నెలవారీ మొత్తం 2019 నుంచే 10 వేల రూపాయలు. 2025లో అక్కడి ప్రభుత్వం 180 రోజుల ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ కూడా ప్రకటించింది. బాలింతల క్షేమం చూసే కార్యకర్తకు తన కాన్పుకు సెలవు ఉండాలన్నది అడిగి సాధించుకోవాల్సిన విషయం కావడం బాధాకరం.

తోడ్పాటు అంటే నైపుణ్యం నేర్పడమొక్కటే కాదు, ఆమె భద్రత కూడా. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ తొలి రోజుల్లో, బెంగళూరు నగరంలోనే ఇంటింటి సర్వేకు వెళ్లిన ఆశా కార్యకర్త మీద దాడి జరిగింది. పల్లెలో అర్ధరాత్రి నొప్పులు వచ్చిన గర్భిణితో అంబులెన్సులో వెళ్లిన ఆశా తెల్లవారేదాకా ఆసుపత్రి వరండాలో కూర్చుని, తిరిగి రావడానికి బస్సు లేక ఎదురుచూడడం సాధారణ విషయంగా మారిపోయింది. అలాంటి రాత్రి గడిచిన మరునాడు ఫోన్ చేసి, ఇంటికి చేరావా అని ఎవరైనా అడిగారా అన్నది పర్యవేక్షణ నాణ్యతకు మంచి కొలమానం. మనసు మీద పడే భారం సంగతీ అంతే. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014 నుంచి వీడియో ద్వారా నిపుణులు, క్షేత్రస్థాయి సిబ్బంది క్రమం తప్పకుండా కలిసి కేసులు చర్చించుకునే ఎకో పద్ధతిని నడుపుతోంది, రామనగర జిల్లా ఆశాలకు మానసిక ఆరోగ్య శిక్షణలోనూ దాన్ని వాడి చూసింది. ఒక్కరోజు తరగతితో పోలిస్తే ఈ పద్ధతిలోని మేలు, కార్యకర్త తన ఊరి సమస్యనే తెచ్చి ముందు పెట్టగలగడం. సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో, సగం పాడైన ఫోన్లతో ఇది ఎంత దూరం వెళుతుందన్నది వేరే ప్రశ్న.

ఫెసిలిటేటర్ పరిస్థితిని కూడా చూడాలి. చాలా చోట్ల ఆమె ఒకప్పటి ఆశాయే. 2018 అక్టోబరు నుంచి ఒక్కో పర్యవేక్షణ సందర్శనకు కేంద్రం నిర్ణయించిన మొత్తం 300 రూపాయలు, నెలకు ఇరవై సందర్శనలు. ప్రయాణ ఖర్చు అందులోనే సర్దుకోవాలి. బస్సు రోజుకు రెండుసార్లే వచ్చే ఊరికి వెళ్లి, ఒక ఇంట్లో గంట కూర్చుని, ఆశాతో కలిసి రెండు ఇళ్లు తిరిగితే ఆ రోజంతా గడిచిపోతుంది. అదే పీహెచ్‌సీకి ఐదుగురిని పిలిపించి రిజిస్టర్లు చూస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. రెండింటికీ ఒకే లెక్క అయితే ఏది ఎక్కువగా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆమెను నిందించి ప్రయోజనం లేదు. ఇంటి సందర్శన వెంట వెళ్లి చూసినందుకు వేరుగా, ప్రయాణ ఖర్చు వేరుగా ఇవ్వాలి. ఆమె పని తీరును ఏడాదికి రెండుసార్లయినా పైవారు పక్కన నిలబడి చూడాలి.

ఒక పని మాత్రం కొత్త పోస్టు, కొత్త బడ్జెట్ లేకుండా ప్రతి పీహెచ్‌సీలోనూ మొదలుపెట్టవచ్చు. ఆశా ఒక బిడ్డను ఆసుపత్రికి పంపినప్పుడు చీటీ రాసిస్తుంది. ఆ చీటీ అక్కడి ఓపీ బల్ల మీద ఆగిపోతుంది. బిడ్డకు ఏమైంది, తాను అనుమానించింది సరేనా, ఇంటికి వచ్చాక ఏం గమనించాలి అన్నది ఆమెకు తెలిసేది బిడ్డ తల్లి చెప్పగలిగినంతే. అదే చీటీ వెనక వైద్యుడు మూడు వాక్యాలు రాసి తిప్పి పంపితే, ఊపిరి లెక్కపెట్టడం తనకు సరిగ్గా వచ్చో రాలేదో ఆమెకు అసలు కేసు మీదే తెలుస్తుంది. డాక్టరు గారు ఆశాకు రాసిన చీటీ అని ఆ ఇంట్లోవారు చూస్తారు, తర్వాతి సారి ఆమె మాటకు తలుపు తెరుచుకుంటుంది. నెలవారీ సమావేశంలో అంకెల పట్టికకు ముందు అలా తిరిగి వచ్చిన రెండు మూడు చీటీలు చదివించి, పంపిన ఆశానే దాని గురించి నలుగురికీ చెప్పమంటే, ఆ అరగంట మిగిలిన సమావేశం కన్నా ఎక్కువ నేర్పుతుంది.